కావిడి ఆనే చోటు

ఆ రోజు బుద్రును నేను అన్నీ అడిగాను. బీపీ ఉందా, షుగర్ ఉందా, ఏవైనా మందులు పడవా అని. అడగవలసిన ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. ఇన్నేళ్ల వైద్యంలో ఇంతకన్నా పెద్ద తప్పులు చేసి ఉండవచ్చు. కానీ ఇది, రోగి చెబుతున్నా వినకుండా చేసిన తప్పు.

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడు, కార్తీకమాసం. పెదబయలు వైపు కొండల్లో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. సంత రోజు కావడంతో వరండా నిండా జనం. బుద్రు కాఫీ, రాగులు పండించే రైతు. యాభై ఏళ్లుంటాయి. కుడి భుజం మీద నిమ్మకాయంత గడ్డ, నొక్కితే చర్మం కింద అటూ ఇటూ జారుతోంది. లైపోమా, అంటే కొవ్వు గడ్డ. ప్రమాదం లేనిది.

"బేగి తీసీండి బాబూ. మాగమాసంలో మా గుంటడి పెళ్లి. కావిడి ఎత్తాల," అన్నాడు.

వాళ్ల ఊళ్లో పెళ్లికొడుకు తండ్రి బియ్యం, చీరలు, అరటిగెలలు కావిడికి కట్టి ఆడపిల్లవారి ఇంటికి తీసుకెళ్లాలి. దారిలో ఎవరైనా అందుకోవచ్చు. తమ గుమ్మంలో ఎత్తేది, వాళ్ల గుమ్మంలో దించేది మాత్రం తండ్రి భుజమే. ఇదంతా అతను చెబుతూనే ఉన్నాడు. నేను "ఆఁ, ఆఁ" అంటూ గ్లవ్స్ తొడుక్కుంటున్నాను. అరగంటలో గడ్డ తీసి, నాలుగు కుట్లు వేసి, "కొన్నాళ్లు బరువు మోయకు" అని పంపేశాను.

పదో రోజు కుట్లు విప్పాను. గాయం చక్కగా అతుక్కుంది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

పుష్యమాసంలో భార్య సోంబారిని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. కోసినచోట మచ్చ ఎర్రగా, తాడులా ఉబ్బి, దురద పెడుతోంది. హైపర్‌ట్రోఫిక్ స్కార్ అంటాం. గాయం మానేటప్పుడు చర్మం అవసరానికి మించి నార పేర్చుకుంటుంది. భుజం మీద చర్మం ఎప్పుడూ లాగినట్టుండడం వల్ల అక్కడ ఇది ఎక్కువ. ఆ మాట ముందే చెప్పి ఉండవలసింది. చెప్పకపోగా, "మోయొద్దన్నానా లేదా?" అని గద్దించాను.

సోంబారి ఊరుకోలేదు. "ఏటి మోసినాడు బాబూ? బిందె కూడా ముట్టుకోనేదు, మారాజులాగ కూకున్నాడు. నువ్వే గెడ్డ తీసీసి గట్టు ఏసినావు!"

వరండా అంతా ఘొల్లుమంది. నాకు నవ్వు రాలేదు.

"కావిడిబద్ద ఎక్కడ ఆనుతుంది?" అని అప్పుడు అడిగాను.

బుద్రు వేలు సరిగ్గా మచ్చ మీదికి వెళ్లింది. ఏళ్ల తరబడి బరువుకు అక్కడ చర్మం మొద్దుబారి చిన్న గాడి పడి ఉంది. నేను దానికి అడ్డంగా కోశాను. రెండు వేళ్లు వెనక్కి జరిగి, చర్మపు ముడత వెంట చిన్న గాటు పెట్టినా గడ్డ అందులోంచి వచ్చేసేది.

"ఎడమ భుజం మీద వేసుకోలేవా?"

"జారిపోతంది బాబూ. ఆ బుజానికి నడక తెలీదు."

"తప్పు నాది బుద్రూ," అన్నాను.

అతను భార్య వైపు తిరిగాడు. "ఇన్నావేటే? డాక్టరు తప్పంతన్నాడు! పెళ్లి కన్నా ఇదే ఇసేసం."

మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాను. అది ఉబ్బును మెల్లగా దించుతుంది. పైన అంటించడానికి సిలికాన్ షీట్ తెప్పించాను. పెళ్లి ముందు రెండో ఇంజెక్షన్ ఇచ్చేసరికి దురద పోయింది, మచ్చ కొంత మెత్తబడింది. కానీ కొండదారి పొడవునా బరువు ఆనితే చిట్లుతుంది. అందుకే పెళ్లినాడు సెలవు పెట్టి వాళ్ల ఊరెళ్లాను.

బుద్రు మడతపెట్టిన తువ్వాలు మీద బద్ద ఆనించి, గుమ్మంలో కావిడి ఎత్తాడు. పది అడుగులు వేశాక నేను అందుకున్నాను. డప్పులు ఒక్కసారి ఆగి, రెట్టింపు మోతతో మొదలయ్యాయి. నా నడకకు ముందు గెల ఎడమకు ఊగితే వెనక బియ్యం మూట కుడికి ఊగుతోంది.

"సూదులేసినంత సులువేటి?" అని వెనకనుంచి సోంబారి.

"బాబూ, కావిడితో పోట్లాడకు, దాంతో ఊగు," అన్నాడు బుద్రు.

మూడుసార్లు ఆగి, కొండ దాటించాను. వియ్యాలవారి ఊరి మొదట్లో బుద్రు మళ్లీ భుజం ఇచ్చాడు. గుమ్మంలో దించి, ముందు మచ్చ తడుముకున్నాడు, తర్వాత నన్ను చూసి నవ్వాడు. చిట్లలేదు. నా భుజమే కమిలింది. వియ్యపురాలు దానికి పసుపు నూనె రాసింది.

మరో నాలుగు నెలలు వాళ్ల ఊరెళ్లి ఇంజెక్షన్లు ఇచ్చాను. ఏడాదికి మచ్చ తెల్లగా, పల్చగా అణిగింది. అప్పటినుంచి, కత్తి పట్టేముందు పెన్ను రోగి చేతికే ఇస్తున్నాను. మీ ఒంటి మీద బరువు ఎక్కడ ఆనుతుందో మీరే గీయండి అంటాను. మచ్చ ఎలా మానుతుందో, ఎన్నాళ్లు పడుతుందో కూర్చోబెట్టి చెబుతాను.

మొన్న సోంబారి వచ్చింది, నడుము పక్కన అలాంటి గడ్డతోనే. పెన్ను ఇచ్చాను. చీర కట్టుకు పైన, నడుము ఒంపులో ఇంత పెద్ద సున్నా గీసింది.

"ఇక్కడ మా మనవరాలు గుంట కూకుంటాది. దీని జోలికి రాకు బాబూ."

ఆ గీతకు రెండు వేళ్లు అవతల కోశాను.