సింహాచలం మిస్త్రీ ముంచిన కంపెనీ

సింహాచలం మీద నాకు కోపం ఉంది. ఇవాళ్టిది కాదు, ఇరవై ఎనిమిదేళ్ళది. చచ్చిపోవాల్సిన కారును చావనివ్వడు, మనల్ని కొత్తది కొనుక్కోనివ్వడు. బరంపురం కోర్టు బయట టైపు మిషను పెట్టుకుని బతికినవాణ్ణి నేను. ఒక ప్లీడరుగారు ఊరు వదిలి వెళ్తూ ఫీజులకు బదులుగా తన ముసలి అంబాసిడర్‌ను నాకు అంటగట్టారు. ఏడాదిలో వదిలించుకుందామనుకున్నాను. బుద్ధి గడ్డి తిని, ఒకసారి సింహాచలానికి చూపించాను. అంతే, అది ఇప్పటికీ మా వాకిట్లోనే ఉంది.

అతనిది ఇచ్ఛాపురం దగ్గర పల్లె. పెళ్ళయిన కొత్తలో బరంపురం వచ్చి అస్కా రోడ్డులో రేకుల షెడ్డు వేశాడు. అంబాసిడర్ తప్ప ఇంకో బండి ముట్టుకోడు. రోగం కనిపెట్టే పద్ధతి కూడా అతనిదే. స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుంటాడు. ఆ కాసేపూ షెడ్డులో ఎవరూ దగ్గకూడదు. నేను ఒకసారి దగ్గితే కళ్ళు తెరవకుండానే, బండి మాట్లాడుతోంది, కాస్త నోరు మూసుకోమన్నాడు. పక్కనే టీ బడ్డీ నడిపే అతని భార్య అప్పలనర్సమ్మ అదంతా చూసి, "ఈ మనిసికి నా దగ్గు ఇనబడదు బాబూ. ఇంజను దగ్గైతే ఈది సివర్నుంచి ఇనబడతాది," అంది.

సామాను దొరక్కపోతే లారీ టైరు కోసి బుష్షులు చేస్తాడు. లేతు దగ్గర కూర్చుని ఇత్తడి ముక్కతో ఏదో ఒకటి సాధిస్తాడు. కొడల ఊరి టాక్సీలు పదేసి మందిని కుక్కుకుని తిరిగేవంటే అతని చలవే. భంజనగర్ నుంచి కూడా బళ్ళు వచ్చేవి. అతని షెడ్డు లోపలికి తాడు కట్టి లాక్కొచ్చిన బండి ఏదైనా సరే, బయటికి తన కాళ్ళ మీద తాను వెళ్ళేది.

ఏటా విశ్వకర్మ పూజ నాడు ఆ బళ్ళన్నీ కడుక్కుని, బంతిపూల దండలు వేసుకుని షెడ్డు ముందు వరసగా నిలబడేవి. అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. అన్నిట్లోకీ కొత్త బండికి తొలి కొబ్బరికాయ. ఆ కాయ ప్రతి ఏడూ పప్పుల హోల్‌సేలు షావుకారు వెంకటరమణమూర్తిగారి కారుకే కొట్టేవాళ్ళు. ఎందుకలా అని మేమెవరమూ ఏనాడూ ఆలోచించలేదు. తద్దినంలో మంత్రాల్లాగా జరిగిపోయేది.

పైలిన్ తుఫాను వచ్చిన మరుసటి ఎండాకాలంలో, కలకత్తా దగ్గరి అంబాసిడర్ ఫ్యాక్టరీలో పని ఆపేశారని పేపర్లో పడింది. సింహాచలం ఆ పేపరును నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. ఫ్యాక్టరీ లేకపోతే సామాను రాదు. సామాను రాకపోతే బళ్ళు ఆగిపోతాయి. బళ్ళు ఆగితే యాభై ఎనిమిదేళ్ళ వయసులో అతను వెళ్ళి ఏ కొత్తకారు వర్క్‌షాపులోనో స్పానర్లు అందించాలి. అది తలుచుకుని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని అప్పలనర్సమ్మ చెప్పింది. మూడో రోజున లేచి, గవర్నమెంటు ఆ కంపెనీని నిలబెట్టి తీరాలని తీర్మానించాడు.

దానికి మూర్తిగారు అడ్డు. ఆయన రోజూ సాయంత్రం టీకి వచ్చి కూర్చునేవారు. వ్యాపారం అన్నాక లేస్తుంది, పడుతుంది, పడిన ప్రతివాడికీ సర్కారు చెయ్యి అందిస్తూ కూర్చుంటే దేశం ఏమైపోతుందని ఆయన వాదన. తన కొట్టు మూతపడితే ఎవడొస్తాడని నిలదీశారు. సింహాచలం తాపీగా, పైలిన్‌కు గోదాం రేకులు ఎగిరిపోతే నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టింది ఎవరని అడిగాడు. ఆ దరఖాస్తు టైపు చేసింది నేనే కాబట్టి టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాను. మూర్తిగారు అది గాలి, ఇది వ్యాపారం అన్నారు.

"గాలైతేటి, యాపారమైతేటి బాబూ. కూలిన ఇల్లు కూలిందే గదా. ఆకలితో ఉన్నోడికి అన్నం ఎట్టాల. ఎందుకు ఆకలేసింది అని తరవాత అడగాల," అన్నాడు సింహాచలం.

ఆ మాట నాకు నచ్చింది. ఢిల్లీకి దరఖాస్తు రాసిపెడతానని మాటిచ్చేశాను. ఊరికే సంతకాలుంటే ఎవరూ చూడరని, కోర్టు బుర్ర ఉపయోగించి మూడు గడులు గీశాను. పేరు, ఊరు, బండి కొన్న సంవత్సరం. ఆ మూడో గడి గీయకుండా ఉంటే ఈ కథ లేదు.

సింహాచలం సైకిలు మీద, బస్సుల మీద తిరిగి కొడల, భంజనగర్ స్టాండ్లన్నీ గాలించాడు. ఒడియా డ్రైవర్ల దగ్గర ఒడియాలో, మనవాళ్ళ దగ్గర తెలుగులో బతిమాలి రెండువందల పన్నెండు సంతకాలు పట్టుకొచ్చాడు. వర్తక సంఘం పెద్ద కాబట్టి మూర్తిగారి సంతకం కూడా ఉంటే బరువుగా ఉంటుందని ఆశ. ఆయన పూజ నాటికి ఆలోచించి చెబుతానన్నారు.

పూజ నాడు ఆ జాబితాను గట్టిగా చదవమన్నాడు సింహాచలం. ఢిల్లీ కంటే ముందు విశ్వకర్మ వినాలట. నేను కళ్ళజోడు పెట్టుకుని మొదలుపెట్టాను. కొడల, డెబ్భైనాలుగు. భంజనగర్, ఎనభై ఒకటి. కొడల, డెబ్భైతొమ్మిది. సెకండుహ్యాండు, సెకండుహ్యాండు, మామగారి బండి. అలా రెండు కాగితాలు అయ్యేసరికి మూర్తిగారు చెయ్యెత్తి ఆపారు. తొంభై తరవాత కొన్నది ఒక్కటైనా ఉందా అని అడిగారు. కాగితాలన్నీ తిరగేశాను. ఒక్కటీ లేదు. తొంభైరెండులో ఆయన కొన్న బండే ఆ వరసలో ఆఖరి కొత్త బండి. అందుకే ఇరవై రెండేళ్ళుగా తొలి కొబ్బరికాయ దానికే పడుతోంది.

సింహాచలానికి అందులో తప్పేమిటో అర్థం కాలేదు. పైగా ఛాతీ విరుచుకుని, "మరి నా సేతిలో పడిన బండి ఇంకో బండి కొనిపిస్తాదేటి బాబూ?" అన్నాడు.

షెడ్డంతా నవ్వింది. మూర్తిగారు మాత్రం నవ్వలేదు.

"అదే నేనూ అంటున్నది, సింహాచలం. ఇన్నేళ్ళూ కంపెనీని పస్తు పెట్టినోళ్ళం మనమే. ఇప్పుడు దానికి అన్నం పెట్టమని ఢిల్లీకి రాస్తున్నాం."

నవ్వులు ఆగిపోయాయి. సింహాచలం బళ్ళ వరస వంక చూశాడు. ఒక్కొక్క బండినీ తనే ఎలా లేపి నిలబెట్టాడో అతనికి గుర్తుండే ఉంటుంది. లోపలికి వెళ్ళి ఖాళీ టైరు మీద కూర్చున్నాడు. అప్పలనర్సమ్మ ఇచ్చిన టీ చల్లారిపోయింది. నాకైతే ఆ మూడో గడి గీసిన నా చేతిని విరగ్గొట్టుకోవాలనిపించింది.

మర్నాడు పొద్దున్నే సింహాచలం మా ఇంటికి వచ్చి, ఆ మాట కూడా దరఖాస్తులో రాయమన్నాడు. తప్పు మాదే అని రాయండి, అయినా సరే బతికించమనండి అన్నాడు. ముప్ఫయ్యేళ్ళలో వేల దరఖాస్తులు కొట్టాను గాని, అర్జీదారు నేరం ఒప్పుకున్న దరఖాస్తు ఎన్నడూ కొట్టలేదు. ఆ సంగతి విని మూర్తిగారు కూడా వచ్చి సంతకం పెట్టి వెళ్ళారు. రిజిస్టరు పోస్టులో పంపించాం. జవాబు రాలేదు.

ఏడాది గడిచింది. కలకత్తా సామాను తెచ్చే ఆసామి రావడం మానేశాడు. ఏడు కొడల టాక్సీలు షెడ్డు పక్కన గడ్డిలో ఆగిపోయాయి. నా బండి గేరుబాక్సు కూడా పోయింది. నిజం చెప్పాలంటే నేను లోలోపల పండగ చేసుకున్నాను. మా ఆవిడ కొత్తకారు రంగు కూడా ఎంచేసింది.

మళ్ళీ విశ్వకర్మ పూజ వచ్చింది. మూర్తిగారు తెల్లటి కొత్తకారులో దిగారు, వేరే కంపెనీది. వెనకాలే డ్రైవరు ఆయన పాత అంబాసిడర్‌ను తెచ్చాడు. తొలి కాయ ఇక ఆ తెల్లకారుకేనని అందరం అనుకున్నాం. మూర్తిగారు పాత బండి తాళం తీసి సింహాచలం చేతిలో పెట్టారు. దీన్ని విప్పేసి మిగతావాటికి పంచమన్నారు.

సింహాచలం స్క్రూడ్రైవరు తీసి ఇంజనుకు ఆనించాడు. చాలాసేపు విన్నాడు.

"దీనికేటీ రోగం నేదు బాబూ."

"తెలుసు. రోగం లేని బండి సామానే గదా వాటికి పనికొచ్చేది," అన్నారు మూర్తిగారు.

బతికించమని ఊళ్ళన్నీ తిరిగి సంతకాలు అడిగినవాడు సింహాచలం. ఇప్పుడు మిగతా బళ్ళను బతికించాలంటే బాగున్న బండిని తన చేత్తో చంపాలి. ఒక బండిని చంపడం అతని చేతులకు తెలియదు. గడ్డిలో ఉన్న ఏడు టాక్సీల వైపు చూశాడు, తాళం వైపు చూశాడు. అప్పలనర్సమ్మ దగ్గర కొబ్బరికాయ అందుకుని, తెల్లకారును దాటుకుంటూ వెళ్ళి, ఆ పాత బండి ముందే కొట్టాడు. ఆనవాయితీ తప్పిందని ఎవరూ అనలేదు.

తరవాత స్పానరు తీసుకుని బానెట్ కిందికి వంగాడు. షెడ్డులో ఎవరూ దగ్గలేదు. మొదటి బోల్టు విప్పాక కూడా అతను లేవలేదు. అప్పలనర్సమ్మ వెళ్ళి వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

పదిహేను రోజుల్లో ఆ ఏడూ కొడల రోడ్డెక్కాయి. ఒకదానికి ఆ బండి ముందు ఇరుసు, ఇంకోదానికి రేడియేటరు, అలా. గేరుబాక్సు ఎవరికి వెళ్ళిందో చెప్పనక్కర్లేదు. నన్ను అడగనైనా అడగకుండా నా బండిలో బిగించేశాడు. మా ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేను కోపంగా షెడ్డుకు వెళ్ళి, ఇలా ఇంకెన్నాళ్ళయ్యా అని నిలదీశాను. సింహాచలం చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"గేరు మార్సినప్పుడు సావుకారు బాబు బండిని ఓపాలి తలుసుకోండి, సాలు," అన్నాడు.

కోపం అలాగే ఉంది. అయినా రెండో గేరు వేసిన ప్రతిసారీ తలుచుకుంటున్నాను.