మగ్గం గుంతలో ఫ్రిజ్ పాయింట్

2017 వానాకాలం. నారాయణపేట అప్పటికింకా జిల్లా కాలేదు. నేను మహబూబ్‌నగర్‌లో పాలిటెక్నిక్ చదివి, ఎలక్ట్రికల్ లైసెన్సు తీసుకుని, పాత ఇళ్లకు వైరింగు మార్చే పనులు చేస్తున్నాను. కరెంటు కోతలు తగ్గిన కొత్త. ప్రతి ఊళ్లోనూ ఫ్రిజ్జులు, కూలర్లు దిగుతున్నాయి. రెండు బల్బులకూ ఒక ఫ్యానుకూ వేసిన తీగలు ఆ లోడుకు వేడెక్కి వాసన కొడితే, అప్పుడు గుర్తొచ్చేదాన్ని నేను జనానికి.

పేట దగ్గరి ఒక ఊరి నుంచి రమేశ్ అనే అతను పిలిచాడు. బట్టల దుకాణంలో పని చేస్తాడు. నేను వెళ్లేసరికి గడపలో నిలబడి నా వెనక్కి చూస్తున్నాడు.

"మేస్త్రి రాలేదా మేడం?"

"నేనే."

"మీ సారు వస్తరేమో అనుకున్న."

"మా సారు టైలరు. రవికె కుట్టాల్నంటే చెప్పు, పంపిస్త."

లోపల్నుంచి ఎవరో నవ్వారు. అతని తల్లి, అనంతమ్మ.

ఆ ఇల్లు చూస్తే మా చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చింది. మట్టి గోడల వెంట టేకు చెక్క పట్టీలు, వాటి మీద రేకు క్లిప్పులతో బిగించిన తీగలు. దీన్ని బ్యాటెన్ వైరింగ్ అంటాం. గుండ్రటి నల్ల స్విచ్చులు, వేస్తే ఇల్లంతా వినబడేంత టక్కుమనే చప్పుడు. ఎవరు చేశారో గాని పట్టీ ఒక్కచోట వంకర పోలేదు. ఇప్పుడు తీగల్ని గోడలో పూడ్చి సిమెంటు పూస్తున్నాం, లోపల ఎంత తప్పు చేసినా బయటికి కనబడదు. ఆ కాలపు పనికి దాక్కునే చోటు ఉండేది కాదు.

నడిమి అర్రలో గుంత మగ్గం. గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసేది. సగం నేసిన చీర దాని మీద ఉంది. రమేశ్ సరిగ్గా అక్కడే చెయ్యి చూపించాడు.

"ఈడ ఫ్రిజ్ పాయింట్ గావాలె."

"మగ్గం మీద పెడ్తవా ఫ్రిజ్?"

"మగ్గం ఇప్పుతున్నం. ఈ చీర అయిపోంగనే గుంత పూడుస్త. అమ్మకు చేతులు తిమ్మిరెక్కుతున్నయి, పోయిన వానకాలం నుంచి. దవాఖానకు తీస్కపోయిన. షుగర్ లేదన్నరు, నరాల బలహీనతని గోలీలు ఇచ్చిండ్రు. ఇంక నేసింది చాలు."

"నీకు చాలైంది. నాకు కాలే," అంది అనంతమ్మ. అని చేతులు కొంగులో దాచుకుంది.

చెప్పిన చోట పాయింటు పెట్టి రావచ్చు. కాని నా నోరు ఊరుకునే రకం కాదు.

"అవ్వా, ఎప్పుడెక్కుతది తిమ్మిరి? నేసేటప్పుడా?"

"నేసేటప్పుడు ఏం లేదు బిడ్డా. నూలు ఆరేసేటప్పుడు. చీమలు ఎక్కినట్టు మోచేతి దాక పోతది. ఎండకాలం మంచిగనే ఉంటది."

ఎండాకాలం బాగుండి వానాకాలం వచ్చే నరాల జబ్బు నేనెక్కడా వినలేదు. వాకిట్లోకి వెళ్లాను.

స్తంభం నుంచి ఇంటికొచ్చే తీగను సర్వీసు వైరు అంటాం. దాని బరువు మోయడానికి పక్కనే ఒక ఇనుప తీగ ఉంటుంది. అది గోడ దగ్గరి పైపు వరకే రావాలి. ఇక్కడ మాత్రం మిగిలిన ముక్కను తెంపబుద్ధిగాక, వాకిలి అవతల నిలువుగా పాతిన రాతి కడీ దాకా లాగి కట్టారు. తడి నూలు చిలపలు ఆరేసే దండెం అదే. సర్వీసు వైరు పైపులోకి దూరే చోట తొడుగు చిట్లి ఉంది. వాన పడిందంటే కరెంటు పైపుకు పాకుతుంది, పైపు నుంచి దండేనికి. టెస్టర్ పెట్టాను. వెలిగింది.

రమేశ్ నమ్మలేదు. "నేను సుత ఆరేసిన మేడం. నాకెన్నడు కొట్టలే."

అతని కాళ్లకు రబ్బరు చెప్పులు. అనంతమ్మ తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడి ఉంది.

"అవ్వా, చెప్పులు ఏసుకోవా?"

అనకూడని మాట అన్నట్టు చూసింది. "నూలు కాడికి చెప్పులతోని పోతరా ఎవరన్న? ఈడు పోతడు, నేను చూడనప్పుడు."

రబ్బరు కరెంటును ఆపుతుంది. ఉత్త కాళ్ల మనిషిలోంచి అది భూమిలోకి దిగుతుంది. ఈ సంగతి చెప్పగానే రమేశ్ తన చెప్పులు చూసుకుని, తల్లి కాళ్ల వైపు చూశాడు.

"పానం పోతుండెనా మేడం?"

"ఇంకో పెద్ద వానకు పోతుండె," అన్నాను. మెత్తగా చెప్పడం నాకు రాదు.

లైన్‌మన్‌ను పిలిపించి స్తంభం దగ్గర కరెంటు తీయించాను. సర్వీసు వైరు మార్చాం. వాకిట్లో గుంత తీసి ఇనుప పైపు పాతి, చుట్టూ బొగ్గూ ఉప్పూ నింపి ఎర్తింగ్ చేశాం. దారి తప్పిన కరెంటు మనిషి జోలికి రాకుండా భూమిలోకి పోయే తోవ అది. లీకేజీ పసిగట్టి తనంతట తానే పడిపోయే ఆర్‌సీసీబీ అనే స్విచ్చూ పెట్టాం. చెక్క పట్టీలు విప్పుతుంటే మనసొప్పలేదు. కాని టేకు ఎంత గట్టిగా ఉంటేనేం, తీగల మీది రబ్బరు పిండిలా రాలుతోంది.

దండేనికి నైలాన్ తాడు కట్టుకోమన్నాను. అనంతమ్మ ఒప్పుకోలేదు.

"తడి నూలు బరువు నీకేం ఎరుక? తాడు సాగి నూలంత మట్టిల పడ్తది."

"ఇనుప తీగనే కావాల్నంటే సర్వీసు వైరుకు దూరంగ, వేరే కడీలకు కట్టాలె."

"కట్టు. నేనొద్దన్ననా?"

కట్టాం. అయినా ఆమె ముట్టలేదు. "ముందుగాల నువ్వు పట్టు," అంది.

కరెంటు మళ్లీ వేయించి, టెస్టర్ పెట్టి చూసి, చెప్పులు విడిచి, తడి నేల మీద నిలబడి తీగ పట్టుకున్నాను. రమేశ్ వైపు చూశాను. తనూ చెప్పులు విడిచి వచ్చి పట్టుకున్నాడు. అప్పుడొచ్చింది అనంతమ్మ. ముందు ఒక వేలు, తర్వాత అరచెయ్యి. చాలాసేపు వదల్లేదు.

"చీమలెక్కుత లేవు," అంది. కొడుకు వైపు తిరిగి, "గా గోలీలన్ని ఉత్తగనే మింగిచ్చినవ్ గదరా."

లోపలికి వెళ్లి గుంతలో కాళ్లు పెట్టింది. మగ్గం చప్పుడు మొదలైంది. రమేశ్ వాకిట్లోనే నిలబడి కాసేపు విన్నాడు.

"మేడం, ఫ్రిజ్ పాయింట్ వంటింట్ల పెడ్తే ఎట్లుంటది?"

"పొద్దుగాలనే అనొచ్చు గద ఆ మాట," అన్నాను.

ఆ ఇంటి నల్ల స్విచ్ ఒకటి ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. అప్పుడప్పుడు టక్కుమనిపిస్తాను. పాత ఇంటికి వైరింగు మార్పించేవాళ్లు ఎక్కడ ఏసీ, ఎక్కడ గీజరు అని నాకు చెప్పుకుంటూ పోతారు. అవన్నీ తర్వాత వింటాను. ముందు నేనడిగేది ఒకటుంది: "మీ ఇంట్ల ఉత్త కాళ్లతోని తిరిగేది ఎవరు?" ప్రతి ఇంట్లో ఒకరుంటారు. నేను వైరింగు చేసేది ఆ మనిషి కోసం.