పక్క కుర్చీ మనిషి

ఇప్పుడు ఆరు ఊళ్ల ఆసుపత్రుల్లో మావాళ్లున్నారు. నెలకొకరు నోటు పుస్తకం పట్టుకుని వచ్చి, ఈ రోగుల సంఘం ఎలా పుట్టిందని అడుగుతారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ఏదో గొప్ప ఆశయంతో పుట్టిందంటే వాళ్లకు రాసుకోవడానికి బాగుంటుంది. నిజానికి నేను చేసిన ఒక వెధవపని వల్ల పుట్టింది.

మేం టైలరక్క అని పిలిచే ఆమె అప్పటికి పదకొండేళ్లుగా మా ఊరి ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వస్తోంది. బస్సు కండక్టరు ఉద్యోగం పోగొట్టుకున్న నేను నాలుగేళ్లుగా వస్తున్నాను. ఉదయం ఏడింటికి చీటీ తీసుకుంటే పిలుపు వచ్చేది ఒంటిగంటకు. అంతసేపూ ఇనుప బెంచీయే గతి. లోపల డాక్టరుగారి ముందు రెండు కుర్చీలు, ఒకటి రోగికి, రెండోది తోడు వచ్చినవాళ్లకు. ఆయన అడిగేది ఆ రెండో కుర్చీనే. నిద్ర పడుతోందా, తింటోందా, గొడవ చేస్తోందా అంటారు. అక్క వాళ్ల అన్నయ్య ప్రతిసారీ బాగానే ఉందండి అంటాడు. రెండు నిమిషాల్లో పాత మాత్రలే మళ్లీ చేతిలో పడతాయి.

అన్నయ్య చెడ్డవాడు కాదు. ఆమె మూడు రోజులు కనబడకుండా పోయినప్పుడు కాళ్లరిగేలా వెతికినవాడు. మందు మారిస్తే మళ్లీ ఆ రోజులొస్తాయని భయం. కానీ ఆ మాత్రలకు అక్క చేతులు వణికేవి. చొక్కా కాలరు కుట్టడంలో పేరున్న మనిషి, సూదిలో దారం కూడా పక్కామె చేత ఎక్కించుకునేది. ఇంకొక్క రెండు నెలలు చూస్తానన్నాడు దుకాణం యజమాని. ఇంట్లో చెబితే, ముందు ప్రాణం, తర్వాతే కాలర్లు అన్నాడట అన్నయ్య. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఇవన్నీ బెంచీ మీద నాకే చెప్పుకుంది, నా చేతులూ వణుకుతాయి కాబట్టి.

"వచ్చే నెల అన్నయ్య బదులు నువ్వు లోపలికి రా తమ్ముడూ. నువ్వేం మాట్లాడక్కర్లేదు. తోడు లేకపోతే రానివ్వరు, అంతే."

సరేనన్నాను. ఆ రోజు అన్నయ్య మొహం మాడ్చుకుని బయటే కూర్చున్నాడు. డాక్టరుగారు తలెత్తకుండానే ఎలా ఉందని నన్నడిగారు. ఆ కుర్చీలో కూర్చోవడం నాకదే మొదటిసారి. ఏం పూనిందో, మా ఆవిడ నా గురించి చెప్పే గొంతుతోనే బాగానే ఉందండి అనేశాను. ఆయన పాత మాత్రలకే చీటీ రాసేశారు.

అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నీక్కూడా అదే మాట వచ్చిందా తమ్ముడూ," అంది.

ఆ నెలాఖరుకి దుకాణంలో ఆమె మిషను ఇంకొకరికి ఇచ్చేశారు. ఆ పాపం నాది. సంఘం ఎంత పెరిగినా నాదే.

పక్క కుర్చీలో ఉన్నవాళ్లు నోరు విప్పకూడదన్న మా మొదటి నియమం అలా వచ్చింది. తర్వాతి నెల డాక్టరుగారు నన్నడిగితే నేల చూశాను. మళ్లీ అడిగారు. నేను తలెత్తలేదు. చివరికి ఆయన విసుగ్గా అక్క వైపు తిరిగారు. ఆమె రెండు చేతులూ బల్ల మీద పెట్టింది.

"నేను టైలర్నండి," అంది.

ఆయన ఆ చేతులను చూశారు. తర్వాత చాలాసేపు ఆమెనే ప్రశ్నలడిగి మాత్ర మార్చారు. వణుకు తగ్గడానికి మూడు నెలలు పట్టింది. దుకాణంలో చోటు మాత్రం తిరిగి రాలేదు, ఇంట్లోనే కుట్టుకుంటోంది. డాక్టరుగారు అక్కనే అడిగారని తెలిసి బెంచీ మీది మిగతావాళ్లూ ఒకరికొకరు తోడు వెళ్లడం మొదలుపెట్టారు. సంఘమంటే అదే, ఇంకేం లేదు.

మాత్ర మార్చిన రోజు బయటికి రాగానే అన్నయ్య నా చెయ్యి పట్టుకుని, లోపల ఏం చెప్పిందని అడిగాడు.

"ఇక్కడే ఉందిగా, తననే అడగండి," అన్నాను.

ఆయన చెల్లెలి వైపు తిరిగాడు. పదకొండేళ్లుగా ఆమె గురించి ఎందరికో చెప్పుకొచ్చిన మనిషి. ఎలా ఉన్నావమ్మా అని అడగడానికి నోరు తెరిచాడు, మాట రాక మూసేశాడు. అక్క బెంచీ మీద కూర్చుని, కొంచెం పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చింది.