దావ చెప్పని చిన్నాయన

మా చిన్నాయన పోయాడని పొద్దున్నే చిన్నమ్మ ఫోన్ చేసింది. ప్రొద్దుటూరులో, కంప్యూటర్ ముందు కుర్చీలోనే గుండె ఆగిపోయిందట. నేను వెళ్లేసరికి ఇంటి నిండా జనం. "నిన్న కూడా బజార్లో కనపడినాడే" అని ఎవరో అంటున్నారు. ఎక్కడికి వెళ్తూ కనపడ్డాడో మాత్రం వాళ్లకూ తెలియదు. ఆయన ఎవరికీ చెప్పడు.

దాని వెనక ఒక కథ ఉంది. మా ఊరు జమ్మలమడుగు పక్కన. నా చిన్నతనంలో ఊరు రెండు పార్టీలు. మాది గొర్రెలు మేపుకునే ఇల్లే అయినా, ఏదో ఒక పార్టీ అనిపించుకోక తప్పలేదు. ఒకరోజు గడపలోకొచ్చి, మా నాయన ఎక్కడికి వెళ్లాడని మర్యాదగా అడిగిన మనిషికి మా అవ్వ, "పెద్దముడియం దావన పోయినాడు నాయనా" అని చెప్పింది. దారిని మేం దావ అంటాం. ఆ దావలోనే మా నాయనను నరికారు. బతికినన్నాళ్లు అవ్వ మళ్లీ ఎవరు ఏమడిగినా నోరు తెరవలేదు.

నన్ను పెంచి చదివించింది చిన్నాయనే. ఊళ్లో గొడవలు చల్లబడ్డాక కూడా, పులివెందులలో పెళ్లికి వెళితే పోయిన దారిన తిరిగి వచ్చేవాడు కాదు. "ఏ బస్సుకొస్తాండావు?" అని చిన్నమ్మ అడిగితే, "వచ్చినాక చూస్తావులే" అనేవాడు. అన్నం చల్లారిపోయేది. ఆమె తిట్టుకుంటూ మళ్లీ వేడి చేసేది.

అలాంటి మనిషి ఉద్యోగం పటాలు గీయడం! కోస్తాలో చేసి రిటైరై వచ్చినా ఆ పని వదల్లేదు. ఇంట్లో కూర్చుని ప్రభుత్వం వాళ్ల సముద్రపు పటాల పోర్టల్ తెరిచేవాడు. ఓడలు వెళ్లే దారులు, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం, చేపలు దొరికే చోట్లు ఒకదానిమీద ఒకటి పొరలుగా కనిపిస్తాయి. ఇంటర్నెట్ ఉన్న ఎవరైనా చూడొచ్చు. సముద్రంలో ఏ భాగం దేనికి కేటాయించాలో వాటిని చూసే నిర్ణయిస్తారు. "పెన్నలో చుక్క నీళ్లు లేవు, నీకు సముద్రం పంచే పని కావాల్నా అప్పా?" అని పక్కింటి మామ ఎగతాళి చేసేవాడు.

ఈమధ్య పోర్టల్లో పెట్టిన ముసాయిదాలో, ఆయనకు తెలిసిన ఒక పల్లెకారుల ఊరి ముందు సముద్రమంతా ఖాళీగా ఉంది. ఖాళీయే కదా అని ఓడలు లంగరేసే చోటుగా గుర్తించారు. ఆ ఊరి వలలన్నీ పడేది అక్కడే. వలలు వేసే చోట్లు చెప్పమని ఊరి పెద్దకు చిన్నాయన ఫోన్ చేశాడు. ఆయన ససేమిరా అన్నాడు. "చెబితే రేపు పెద్ద బోట్లన్నీ అక్కడే ఉంటాయి బాబూ."

నాకు ఒళ్లు మండింది. "వాళ్ల కోసమే కదా నువ్వు అడుగుతాండేది? చెప్పకుంటే పోయేది వాళ్లకే" అన్నాను.

"చెప్తే ఏమైతాదో మన ఇంట్లో తెలీదా పాపా?" అన్నాడు చిన్నాయన.

చాలా రోజులు ఆయనకు అన్నం సయించలేదు. చివరికి ఆ సముద్రం మీద పెద్ద పెద్ద గళ్లు గీసి, వేట సాగే గళ్లకు రంగు వేశాడు. గడిలో వల ఎక్కడ పడుతుందో చూసేవాళ్లకు తెలియదు. "మనిషి ఉన్నాడని తెలిస్తే చాలు, యాడ ఉన్నాడో తెలియాల్సిన పని లేదు" అన్నాడు. ఊరి పెద్ద ఒప్పుకున్నాడు. అభ్యంతరం పంపి, జవాబు కోసం ఎదురుచూస్తూనే చిన్నాయన వెళ్లిపోయాడు.

దినాలయ్యాక ఆయన ఫోన్ మోగింది. ఆ ఊరి పెద్ద. చావు కబురు ఆయనకు అందలేదు. చెప్పాను. జవాబు వచ్చిందా అని అడిగితే పోర్టల్ తెరిచి చూసి, రెండో చెడ్డ కబురు కూడా చెప్పాల్సి వచ్చింది. గళ్లు చాలవట, గడువులోగా కచ్చితమైన చోట్లు ఇవ్వాలట. ఇంత బరువు నా నెత్తిన పెట్టి పోయినందుకు చిన్నాయన మీద కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది.

గడువు ఎన్నాళ్లుందో ఆయన అడిగి తెలుసుకున్నాడు. తర్వాత, "చెబుతాను, రాసుకో అమ్మా" అన్నాడాయన.

"ఉండండి పెద్దాయనా" అన్నాను. "మీ చుట్టూ ఎవరన్నా ఉండారా?"

ఆయన లేచి నడిచాడు. ఫోన్లో మనుషుల మాటలు వెనకబడ్డాయి. అలల చప్పుడు దగ్గరవుతూ వచ్చింది.