పుస్తకానికో రేకు బిళ్ల

"నెట్టొద్దు మే, వరసలో నిలబడు" అని వెనకున్న కార్వేటినగరం పిల్లను మోచేత్తో ఆపి, చేతిలోని అట్టముక్కను కౌంటరు మీద పెట్టి, "నక్షత్రాల పుస్తకం ఇయ్యండి సార్" అన్నాను. లైబ్రరీ సారు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, నా వెనక తలా ఒక అట్టముక్క పట్టుకుని బారుగా నిలబడిన ఆడపిల్లల్ని చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఇది యాడిది మే?"

"సొరుగులోది సార్. పుస్తకం కావాలంటే ముందు కార్డు సూడండని మీరే కదా చెప్పినారు?"

"సూడమన్నాను. పెరకమన్నానా?"

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పట్లో లైబ్రరీ అంటే మాకేం తెలుసు? లోపలికొచ్చేటప్పుడు గుడే అనుకుని చెప్పులు గడప బయటే విడిచిన వాళ్లం. కాలేజీలో చేరబోయే మాలాంటి పేదపిల్లలకు ఆ వేసవిలో తిరుపతిలో తరగతులు పెట్టారు. చివర్లో లైబ్రరీ వాడటం నేర్పుతారు. ఆ సారు సరే అని రాస్తేనే కాలేజీలో సీటు. లేకపోతే నాకు మా నాయన పక్కన చెప్పుల స్టాండే గతి. నాయన గుడి ముందర యాత్రికుల చెప్పులు కాసేవాడు. చెప్పులిస్తే నంబరేసిన రేకు బిళ్ల, బిళ్లిస్తే చెప్పులు. నేను పుట్టి పెరిగిన లోకమంతా అదే. అలాంటిదాన్ని సొరుగు లాగగానే పుస్తకం పేరు, పైన ఒక నంబరు ఉన్న అట్ట కనబడితే ఏమనుకుంటాను? టోకెనే అనుకున్నాను. నేను దర్జాగా తీసుకుని నడిచేసరికి, టౌను పిల్ల కదా, దానికన్నీ తెలుసునని మిగతావాళ్లూ తలా ఒకటి తీసుకున్నారు. (కార్డులు ఊడిరాకుండా వాటి చిల్లుల్లోంచి ఒక ఇనుప కడ్డీ పోతుంది. మాకు చూపించడానికని దాన్ని లాగి, మళ్లీ పెట్టడం మరిచింది సారే. ఆ మాట ఆయనతో అనే ధైర్యం నాకు ఈనాటికీ లేదు.)

"యాడివి ఆడ పెట్టండి!" అన్నాడు సారు. అందరం ఒక్కసారిగా ఎగబడ్డాం. కార్వేటినగరం పిల్ల కంగారులో సొరుగునే మొత్తం లాగేసింది. అది దభీమని పడింది. కార్డులన్నీ ఫ్యాను గాలికి కొంగల్లా లేచాయి. "ఫ్యాను! ఫ్యాను ఆపండప్పా!" అని సారు పెట్టిన కేకకు చదువుకునేవాళ్లంతా తలలెత్తారు. (ఆయన తల మీదే 'మాట్లాడరాదు' అనే బోర్డు.)

"సాయంత్రం లోపల ఇవన్నీ వరసలో ఉండాల. లేకుంటే ఎవురికీ సరే అని రాయను. మీ ఊర్లకు పోవచ్చు" అనేసి వెళ్లిపోయాడు.

"నిన్ను నమ్మి వస్తిమే, పెద్ద తెలిసినదాని మాదిరి!" అని కార్వేటినగరం పిల్ల ముక్కు చీదింది.

"ఏడవాకు మే, అట్టలు తడుస్తాయి" అన్నాను, నాకూ ఏడుపొస్తున్నా. నేల మీద బాసింపట్టు వేసుకుని, నాయన చెప్పులు పేర్చినట్టు నంబర్ల వారీగా కార్డులు పేర్చడం మొదలుపెట్టాం. అప్పుడే తెలిసింది, ఆ నంబరు పుస్తకం ఇంటి అడ్రసని. ఏ బీరువా, ఏ అర, అన్నీ అందులోనే. పొద్దు వాలాక సారొచ్చి ఒక కార్డు చూపించి, "ఇది యాడుండాది?" అన్నాడు. పరుగెత్తి పుస్తకం తెచ్చాను. ఒక్కొక్కరినీ అట్లాగే అడిగాడు. అందరూ తెచ్చారు. ఆయన మమ్మల్ని చూడకుండా కడ్డీ మెల్లగా లోపలికి తోసి, "సరేలే, రాస్తాను" అన్నాడు.

"నక్షత్రాల పుస్తకం ఇంటికి తీసకపోవచ్చా సార్?"

"కాలేజీలో చేరితే టికెట్టిస్తారు. అది నాకాడ పెట్టి పుస్తకం తీసకపోవాల."

"అంటే టోకెనే కదా సార్!"

సారు మళ్లీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే నాయన దగ్గర ఒక బిళ్ల అడిగాను. "భద్రం పాపా, అది లేకుంటే ఒక జత చెప్పులకు చోటుండదు" అంటూ ఇచ్చాడు. లైబ్రరీ తెరవగానే దాన్ని కౌంటరు మీద పెట్టి, "పుస్తకం తెచ్చేదాకా మీకాడ పెట్టుకోండి సార్" అన్నాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వు ఆపుకుంటూ టికెట్ల పక్కన పెట్టుకున్నాడు. నక్షత్రాల పుస్తకం కళ్లకద్దుకుని, ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని గబగబా బయటపడి, చెప్పులు కాసేవాడి కూతురినై ఉండి, నా చెప్పులు గడప దగ్గరే మరిచి ఇంటిదాకా ఉత్తకాళ్లతో నడిచిపోయాను.