మెస్ వ్యాన్ వెళ్లలేని తీరం

ముప్పై ఏళ్లకు పైగా సినిమావాళ్లను సముద్రాల దగ్గరకు తీసుకెళ్లిన వరప్రసాద్ గారు ఒక్కసారి కూడా పడవ ఎక్కలేదంటే ఎవరూ నమ్మరు. ఆయన ప్రొడక్షన్ మేనేజర్. హీరో పడవలో పాట పాడుతుంటే ఈయన ఒడ్డున నిలబడి అన్నం ఉడికిందా, జనరేటర్‌లో డీజిల్ ఉందా అని చూసుకునేవారు. లైట్లు మోసేవాళ్లకు వడ్డించాకే పెద్దవాళ్ల క్యారేజీలు కదలనిచ్చేవారు. అందుకేనేమో, కృష్ణానగర్ సందుల్లో ఆయన నడిచి వెళ్తుంటే ఆటోవాళ్లు ఆపి, "ఎక్కు సార్, అటే పోతున్న" అంటారు. అటు పోయే పని లేకపోయినా సరే.

పోయిన కార్తీకంలో జూబ్లీ హిల్స్ నుంచి శారదాదేవి గారు కబురు పంపారు. ఆవిడ భర్త నిర్మాత. ఆయన తీసిన సినిమాలన్నిటికీ వరప్రసాద్ గారే మేనేజర్. భర్త పోయాక ఆవిడ గడప దాటడం తగ్గిపోయింది కానీ, గేటు దగ్గర డ్రైవర్ల కోసం మజ్జిగ కుండ పెట్టించడం మాత్రం మానలేదు.

"ప్రసాదూ, అండమాన్ వెళ్లాలనుందయ్యా. ఊళ్లూ హోటళ్లూ కాదు. మనుషులుండని అడవి తీరం వెంట నాలుగు రోజులు పడవలోనే. నేనూ, నా స్నేహితురాళ్లు నలుగురూ, మన షూటింగుల్లో వండిపెట్టే మెస్సు కొమురమ్మా. ఏర్పాట్లు నువ్వే చూడాలి."

"అలాగేనమ్మగారూ. ఇంకో అవుట్‌డోర్ షూటింగ్ అనుకుంటే సరి," అన్నారాయన.

నిజంగానే అవుట్‌డోర్ అనుకున్నారు. వారం తిరక్కుండా ఆరుగురికి మంచాలున్న పడవ కుదిర్చారు. పడవ యజమాని నూకరాజు. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డ కుటుంబం. ఒక సాయంత్రం శారదాదేవి గారి వరండాలో, పక్కన కొమురమ్మ కూర్చుని ఉండగా, వరప్రసాద్ గారు ఫోన్ స్పీకర్‌లో పెట్టి అతనికి ఏర్పాట్లు చెప్పసాగారు.

"పొద్దున్నే టిఫిన్ పడవ దగ్గరకు వ్యాన్‌లో వస్తుంది నూకరాజు గారూ. మధ్యాహ్నం భోజనం తర్వాతి రేవులో. మీరొచ్చేసరికి నేను వేడివేడిగా సిద్ధం చేసి ఉంచుతాను."

"ఏ రేవు బాబూ?"

"అదే, రోడ్డు పక్కన ఎక్కడో ఒకచోట."

"రోడ్డేటి బాబూ! అటేపు రోడ్డే నేదు. మడ చెట్లు, అడివి. ఒడ్డున దిగనివ్వరు కూడా."

"మరి మా వ్యాన్ ఎటు నుంచి రావాలండీ?"

"మీ వ్యానుకి ఈతొచ్చేటి?"

కొమురమ్మ పకపకా నవ్వింది. "గిన్నేండ్లు సినిమాల్ల జేసి, సముద్రం పొంటి సడక్ ఉంటదనుకున్నవా సారూ?" అంటూనే ఆగిపోయింది. "జర ఆగు. నువ్వు వ్యాన్ల ఉంటవా? పడవల గాదా?"

"నేనెందుకు కొమురమ్మా పడవలో? ఒడ్డున ఒకరుండాలి కదా."

శారదాదేవి గారు ఆయన వంక చూశారు. లెక్కలో చెప్పకపోయినా, ఆయన ఎలాగూ పడవలో వస్తారనే ఆవిడ అనుకున్నారు. "నీకు రావాలని లేదా ప్రసాదూ?"

ఆయన కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. "ఉందండమ్మగారూ. మొదటి అవుట్‌డోర్ నుంచీ ఉంది. పడవ చుక్కంత అయ్యేదాకా చూస్తూ నిలబడేవాణ్ణి. ఈలోగా భోజనాల వేళయ్యేది."

"మరి చెప్పవేమయ్యా?"

"అది నేను అడిగేది కాదు కదండీ."

ఆవిడ వెంటనే ఫోన్ దగ్గరకు జరిగి ఇంకో మంచం అడిగారు. లేదన్నాడు నూకరాజు. ఆరుగురు ప్రయాణికులు, తను, సహాయకుడు, వంటవాడు. అంతకు మించి ఒక్కరు ఎక్కినా పడవను కదలనివ్వరట.

"అయితే నా బదులు నువ్వు వెళ్లు," అన్నారావిడ.

"అంత మాట అనకండమ్మగారూ! మీ కోసమే కదా ఇదంతా!" అని ఆయన కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు.

"ఇద్దరూ ఊకోండ్రి," అంది కొమురమ్మ. "రాజన్నా, నీ వంటాయన ఏం వండుతడు?"

"సేపలు బాగా సేస్తాడమ్మా."

"మా అమ్మలు నీసు ముట్టరు. ఆయన్ను ఇంటికాడ పండుకోమను. నేనొండుత. ఆ మంచం మా సార్‌కియ్యి."

శారదాదేవి గారు నొచ్చుకున్నారు. "నిన్ను వండిపెట్టడానికి రమ్మన్నానా కొమురమ్మా? సముద్రం చూద్దువుగానని కదే."

"వండుకుంట చూడరాదా అమ్మా? సార్ కూరగాయలు కోస్తడు. ఇన్నేండ్లు ఉప్పు సాల్లే, కారం ఎక్కువైందని పేర్లు వెట్టిండు గద. జర తెలుస్తది."

నూకరాజు ఒప్పుకున్నాడు. "సెలవంటే మావోడు ఎగిరి గంతేస్తాడు. కానీ ఆ మంచం వంటగది గోడకి ఆనుకుని ఉంటాది బాబూ. పోపు వాసన గట్టిగా కొడతాది."

"ఆ వాసన లేకపోతేనే నాకు నిద్ర పట్టదండీ," అన్నారు వరప్రసాద్ గారు. ఆ వెంటనే, "వంటాయన కూలి మాత్రం తగ్గించకండి" అని బతిమాలారు. ఆ నిమిషాన కొమురమ్మ నోట భగవంతుడే పలికాడని నేననుకుంటాను.

మర్నాడు వరప్రసాద్ గారు ఫిలింనగర్ గుడిలో ప్రయాణం కోసం అర్చన చేయించారు. ఇన్నేళ్లూ నిర్మాతల పేర్లూ హీరోల పేర్లూ చెప్పి చేయించిన మనిషి. ఆరుగురి పేర్లూ చెప్పి ఊరుకున్నారు. "ఇంకెవరైనా ఉన్నారా?" అని పూజారి గారు అడిగితే, పక్కన కొమురమ్మ మోచేత్తో పొడిచింది. ఆయన గొంతు సవరించుకుని, "వరప్రసాద్... కాశ్యప గోత్రం" అన్నారు.

మెట్లు దిగుతూ కొబ్బరిముక్క ఆమె చేతిలో పెట్టి మెల్లగా అడిగారు. "పడవలో కళ్లు తిరుగుతాయంటారు. నిజమేనా కొమురమ్మా?"

"తిరిగితే తిరగనియ్యి సారూ," అంది కొబ్బరి నములుతూ. "ఎటు తిరిగినా నీళ్లే గద!"