గోనెపట్టా ఏ హాల్లో వేలాడాలి

ఫెలోషిప్ వచ్చిందని ఫోన్ వచ్చినప్పుడు నేను రాజవొమ్మంగి బస్టాండులో ఉన్నాను. నగరంలోని ఒక మ్యూజియం యువ పరిశోధకులకు ఇచ్చేది. ఏడాదిపాటు సమకాలీన కళ మీద పని. మా కొండల్లోని గిరిజనుల్లో అలాంటి పనికి వెళ్లినవాళ్లెవరూ నాకు తెలియదు. ఆ సంతోషంలో ఎక్కాల్సిన బస్సు వదిలేశాను.

అరకు దగ్గరుండే ఒక కళాకారిణి గురించి రాయాలనుకున్నాను. ఆర్ట్ కాలేజీలో నాకు సీనియర్. అక్కా అని పిలుస్తాను. కాఫీ గోనెల్ని విప్పి, క్వారీలో పేలుళ్లయ్యాక మిగిలిన వైరు ముక్కలతో గోడంత పట్టాలు కుడుతుంది. వాటి ముందు నిలబడితే తొలిచేసిన కొండ ముందు నిలబడినట్టే ఉంటుంది.

మ్యూజియంలో ప్రదర్శనలు ఏర్పాటు చేసే క్యురేటరే నా పరిశోధన చూసేవాడు. ఆయన్ను ఆమె ఇంటికి తీసుకెళ్లాను. పట్టాలు బాగున్నాయన్నాడు. ఒకదాన్ని ప్రదర్శనకు అడిగాడు. తర్వాత ఆమె జీన్స్ వైపు చూసి, "ఫొటో కోసం మీ సంప్రదాయ చీర కట్టుకుంటారా?" అన్నాడు.

"ఏటి బాబూ, నా పనికి ఫొటో తీత్తారా, సీరకి తీత్తారా?" అంది అక్క.

ఆయన నవ్వేశాడు. నాకు ఒళ్లు మండింది. "ఆవిడ బట్టలు నా పరిశోధనలో లేవు సార్" అన్నాను.

అయినా అక్క పట్టా ఇచ్చింది. ప్రదర్శన ప్రారంభోత్సవానికి అక్కా నేనూ కలిసి వెళ్లాం. సమకాలీన కళ హాలంతా వెతికినా పట్టా కనిపించలేదు. కింది అంతస్తులో, హస్తకళల గదిలో, వెదురు బుట్టల పక్కన వేలాడుతోంది. కింద కార్డు మీద "గిరిజన స్త్రీల కుట్టుపని" అని ఉంది. అక్క పేరు లేదు.

క్యురేటర్‌ను పట్టుకుని అడిగాను.

"ఇక్కడైతేనే జనానికి అర్థమవుతుందమ్మా. పేరు రేపు పెట్టిస్తాను. నువ్వు మరీ ఆవేశపడుతున్నావు."

"పై హాల్లో ఒక నగర కళాకారుడు గోనెలతోనే చేసిన పని ఉంది. దాన్ని బుట్టల పక్కన ఎందుకు పెట్టలేదు?"

ఆయన గడియారం చూసుకున్నాడు. అక్క సంచి నేలమీద పెట్టింది.

"నువ్వాగు గుంటా. ఆ స్టూలు బేగి ఇలా తే."

అతిథులు చూస్తుండగానే స్టూలెక్కి కొక్కేలు విప్పింది. గార్డు పరుగెత్తుకొచ్చాడు.

"నేను కుట్టిందే బాబూ. తీసుకుపోతన్నాను" అంది. చెరో కొస పట్టుకుని మడిచి, బయటికి వచ్చేశాం.

నా ఫెలోషిప్ మధ్యలోనే ఆపేశారు. క్రమశిక్షణ లేదన్నారు. నేను రాసిన వ్యాసాన్ని ఒక చిన్న పత్రిక అక్క పేరుతో సహా వేసింది. ఆ పట్టా ఇప్పుడు ఆమె ఇంట్లోనే ఉంది.

ఈ మధ్య అదే మ్యూజియం కొత్త ఫెలోల కోసం ప్రకటన ఇచ్చింది. గిరిజన అభ్యర్థులకు ప్రాధాన్యమట. చదివి ఫోన్‌ను మంచం మీదికి విసిరికొట్టాను.